దిగులు పడటం విశ్వాస లోపమా?

మనిషి మనసు కుంగిపోయినప్పుడు చుట్టూ ఉన్నవారు ఆ స్థితికి ఏదో ఒక పేరు పెడతారు. పేరు పెట్టడం చిన్న విషయంగానే కనబడుతుంది. కాని ఆ తర్వాత అతనితో ఎలా వ్యవహరిస్తామన్నది ఆ పేరును బట్టే ఉంటుంది. జ్వరం అంటే నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాం. బద్ధకం అంటే కసురుకుంటాం. గాలి సోకిందంటే ఆమిల్ దగ్గరికి తీసుకువెళ్తాం. ఈమాన్ తక్కువైందంటే నాలుగు మాటలు ఉపదేశించి వచ్చేస్తాం.

నాలుగో పేరు మన ముస్లిం కుటుంబాల్లో ఎక్కువగా వినబడుతుంది. కాన్పు తర్వాత నెలల తరబడి ముభావంగా ఉండే కోడలితో, “నమాజు సరిగ్గా చదివితే ఇదంతా ఎందుకు వస్తుంది బేటీ?” అంటాం. మిర్చి పంట పోయి, అప్పు మీదపడి, గడప దాటి బయటకు రాని యువకునితో, “అల్లాహ్ మీద భరోసా ఉన్నవాడు ఇలా కూర్చుంటాడా?” అంటాం. అనేవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని వినేవారికి అది మరో దెబ్బ అవుతుంది. అప్పటిదాకా మనసు ఒక్కటే బాగోలేదు. ఇప్పుడు ధర్మం కూడా చేజారిపోయిందేమోనన్న భయం దానికి తోడవుతుంది. ఇక అతను ఎవరికీ ఏమీ చెప్పడు.

కాబట్టి అల్లాహ్‌ను, తఖ్దీర్‌ను నమ్మినవాడికి దిగులు కలుగుతుందా, కలిగితే అది అతని విశ్వాసంలో లోపమా అన్న ప్రశ్నకు ఖుర్ఆన్, హదీసుల వెలుగులో సమాధానం తెలుసుకోవడం అవసరం. ముందు ఆ మాటల అర్థాలనే కాస్త పరిశీలిద్దాం.

రెండు భాషల ఇళ్ళు

2016 అక్టోబరు దాకా ఖమ్మం జిల్లాలో ఉండి, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్న చర్ల వంటి అడవి సరిహద్దు ఊళ్ళలో ముస్లిం ఇళ్ళు రెండు భాషల ఇళ్ళు. గడప లోపల ఉర్దూ, గడప బయట తెలుగు. అమ్మతో “దిల్ ఉదాస్ హై” అన్న పిల్లవాడే బడిలో స్నేహితుడితో “దిగులుగా ఉందిరా” అంటాడు.

దిగులు అనగానే మనకు ‘దిగు’ అనే క్రియ గుర్తుకొస్తుంది. మనసు కిందికి దిగిపోవడమే దిగులు అనిపిస్తుంది. కాని పక్క భాషలు మరో దారి చూపిస్తున్నాయి. కన్నడంలో ‘దిగిలు’ అంటే భయం. తమిళంలో ‘తిగిల్’ అంటే భీతి. తెలుగు నిఘంటువుల్లోనూ ఈ మాటకు భయమనే అర్థం కనబడుతుంది. అంటే ఈ మాట లోపల మొదటి నుంచీ ఉన్నది భయం. విచారం దానితో కలిసింది. ఇప్పుడు మనం దిగులు అన్నప్పుడు జరిగిపోయిన దాని గురించిన బాధ, జరగబోయే దాని గురించిన భయం రెండూ అందులో ఉంటాయి.

దివ్య ఖుర్ఆన్‌లో ఈ రెండూ తరచుగా జంటగానే వస్తాయి. ఒకటి ఖౌఫ్, అంటే భయం. రెండోది హుజ్న్, అంటే దుఃఖం. హజ్రత్ ఆదమ్ (అలైహిస్సలాం) భూమి మీదికి దిగివచ్చిన సందర్భంలో, తన మార్గదర్శకత్వాన్ని అనుసరించేవారికి భయం గాని దుఃఖం గాని ఉండదని అల్లాహ్ వాగ్దానం చేశాడు (సూరా అల్ బఖరా, 38వ ఆయత్). భయం రాబోయే దాని గురించి, దుఃఖం గడిచిపోయిన దాని గురించి అని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరించారు. ఆ రెంటినీ మన తెలుగు ఒకే మాటలో చెబుతోంది.

ఇక ఉర్దూ ‘ఉదాస్’ సంగతి. ఇది అరబ్బీ మాట కాదు, ఫార్సీ మాట కాదు. సంస్కృతం నుంచి వచ్చింది. విడిగా, దూరంగా కూర్చోవడం అన్నది దాని మూలార్థం. అదే మూలం నుంచి తెలుగులోకి ‘ఉదాసీనత’ అనే మాట వచ్చింది. కాని తెలుగులో దాని అర్థం పట్టించుకోకపోవడం. ఒకే మూలం నుంచి వచ్చిన రెండు మాటల్లో ఒకటి బాధపడేవాడి స్థితికి పేరైంది, రెండోది అతణ్ణి పట్టించుకోనివాడి స్థితికి పేరైంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి. చివర్లో మళ్ళీ అవసరమవుతుంది.

అరబ్బీ మాటలు ఏం చెబుతున్నాయి?

మనసు బాధకు ఖుర్ఆన్, హదీసులలో ముఖ్యంగా మూడు మాటలు వస్తాయి. హుజ్న్, గమ్, హమ్మ్. ఖుర్ఆన్ పదాల అర్థాలను వివరించిన ఇమామ్ రాగిబ్ అస్ఫహానీ (రహిమహుల్లాహ్) ఈ మూడింటి మూలాలనూ చూపించారు.

హుజ్న్ అంటే నేలలో ఉండే గరుకుదనం, మనసులో కలిగే గరుకుదనం. అరబ్బీలో ‘హజ్న్’ అంటే రాళ్ళూ రప్పలతో నిండి, నడవడానికి కష్టమైన నేల. దానికి వ్యతిరేకం ‘సహ్ల్’, అంటే మెత్తని చదును నేల. గోదావరి ఒడ్డు పొలాల్లో నడిచి, తర్వాత ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గుట్టల దారి పట్టినవారికి ఈ తేడా చెప్పనక్కరలేదు.

గమ్ అంటే కప్పివేయడం. మబ్బును అరబ్బీలో ‘గమామ్’ అనడం కూడా అందుకే. మబ్బు ఆకాశాన్ని కప్పినట్టు గమ్ మనసును కప్పుతుంది. సూర్యుడు లేకుండా పోడు, కనబడకుండా పోతాడు. హమ్మ్ అంటే కరిగించే చింత. పొయ్యి మీద కొవ్వు కరిగినట్టు అది మనిషిని లోలోపల కరిగిస్తుంది.

ఈ మూడు మాటల్లోనూ మనిషి మీద నింద లేదన్నది గమనార్హం. రాళ్ళ నేల మీద మెల్లగా నడిచేవాణ్ణి ఎవరూ నడక రానివాడు అనరు. మబ్బు పట్టిన రోజున ఆకాశాన్ని ఎవరూ తప్పుపట్టరు. ఇవి మనిషి చేసిన పనుల పేర్లు కావు, మనిషికి ఎదురయ్యే స్థితుల పేర్లు.

హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) నోట రెండు మాటలు

ఖుర్ఆన్‌లో దిగులు గురించి చదవాలంటే సూరా యూసుఫ్ తెరవాలి. ప్రియమైన కుమారుడు చిన్నతనంలోనే దూరమయ్యాడు. ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు మరో కుమారుడు కూడా పరదేశంలో చిక్కుకున్నాడన్న వార్త వచ్చింది. వృద్ధుడైన తండ్రి అందరి నుంచి ముఖం తిప్పుకుని యూసుఫ్‌ను తలచుకుని విలపించారు. దుఃఖంతో ఆయన కళ్ళు తెల్లబడ్డాయని అల్లాహ్ తెలిపాడు (84వ ఆయత్). అక్కడ వాడిన మాట హుజ్న్.

తర్వాతి ఆయత్‌లో ఇంటివారి స్పందన చూడండి. ఇలా యూసుఫ్‌ను తలచుకుంటూనే చిక్కి శల్యమైపోతావు, లేదా ప్రాణమే పోగొట్టుకుంటావు అని కుమారులు తండ్రిని దెప్పారు. మన ఇళ్ళలో అనే మాటలకూ దీనికీ ఎంత తేడా ఉంది?

అందుకు ఆయన, తన వేదనను, దుఃఖాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకుంటున్నానని జవాబిచ్చారు (86వ ఆయత్). అంటే తనకు దుఃఖం లేదని అనలేదు. ఉందని ఒప్పుకుని, దాన్ని ఎవరి ముందు పెట్టుకున్నారో చెప్పారు. ఆ వెంటనే 87వ ఆయత్‌లో, వెళ్ళి యూసుఫ్‌ను, అతని తమ్ముణ్ణి వెతకమని కుమారులను ఆజ్ఞాపించారు. అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని, అలా నిరాశ చెందేవారు అవిశ్వాసులేనని హెచ్చరించారు. ఇక్కడ వాడిన మాట హుజ్న్ కాదు, యఅస్.

వరుసగా ఉన్న ఈ ఆయతుల్లో ఒకే ప్రవక్త నోట రెండు వేరు వేరు మాటలు వచ్చాయి. హుజ్న్ తనలోనే ఉందని ఆయన ఒప్పుకున్నారు. యఅస్ వద్దని పిల్లలకు చెప్పారు. ఏడ్చి ఏడ్చి చూపు పోగొట్టుకున్న మనిషే, ఏడవని పిల్లలకు ఆశ వదలవద్దని బోధించారు. అంటే దిగులూ ఆశా ఒకే హృదయంలో కలిసి ఉండగలవు. హుజ్న్ అనేది మనసు అనుభవించే బాధ. యఅస్ అనేది అల్లాహ్ గురించి మనిషి ఇచ్చే తీర్పు. నాకు బాధగా ఉంది అనేవాడు తన స్థితి చెబుతున్నాడు. ఇక అల్లాహ్ వద్ద నాకు కారుణ్యం లేనేలేదు అని నమ్మేవాడు ప్రభువు గుణం మీదే తీర్పు చెబుతున్నాడు. ఖుర్ఆన్ ఖండించింది రెండోదాన్ని. మొదటిదాన్ని కాదు.

నిరాశకు అరబ్బీలో ‘ఇబ్లాస్’ అనే మరో మాట కూడా ఉంది. ఇబ్లీస్ అనే పేరు దాని నుంచే వచ్చిందని కొందరు భాషావేత్తలు చెప్పారు. అది అరబ్బీ మాటే కాదని మరికొందరు అన్నారు. మొదటివారి మాట ప్రకారం చూస్తే ఇబ్లీస్ అంటే కారుణ్యం పట్ల ఆశ పూర్తిగా వదులుకున్నవాడు. అతనిది నిరాశ. యాఖూబ్ (అలైహిస్సలాం)ది దుఃఖం. ఈ రెంటికీ ఒకే పేరు పెట్టి, దిగులుపడిన విశ్వాసిని ఇబ్లీస్ వరుసలో నిలబెట్టడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

దిగులే పాపమైతే పాపాలను ఎలా కడుగుతుంది?

విశ్వాసికి అలసట గాని, రోగం గాని, చింత గాని, దుఃఖం గాని, హాని గాని, మనోవ్యధ గాని కలిగితే, చివరకు ముల్లు గుచ్చుకున్నా సరే, దాని మూలంగా అల్లాహ్ అతని పాపాలను తొలగిస్తాడని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. పైన మనం చెప్పుకున్న హమ్మ్, హుజ్న్, గమ్ మూడూ బుఖారీ ఉల్లేఖనంలో ఉన్నాయి. అవి ఏ వరుసలో ఉన్నాయో గమనించండి. అబద్ధం, చాడీ, వడ్డీల వరుసలో లేవు. అలసట, రోగం, ముల్లుల వరుసలో ఉన్నాయి. కాలిలో ముల్లు దిగినవాణ్ణి నీ ఈమాన్ ఏమైంది అని ఎవరూ అడగరు. పైగా పాపాలను కడిగేది తానే పాపం ఎలా అవుతుంది?

దీనికి మించిన ఉదాహరణ హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజియల్లాహు అన్హు)ది. దైవప్రవక్త (స) చివరి అనారోగ్య సమయంలో నమాజుకు అబూబక్ర్ నాయకత్వం వహించాలని ఆదేశించారు. అప్పుడు హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) తన తండ్రి గురించి ఒక మాట వాడారు. ఆయన ‘అసీఫ్’ అన్నారు. అంటే త్వరగా దుఃఖం పొంగుకొచ్చే మెత్తని హృదయం గలవారు. మీ స్థానంలో నిలబడితే ఏడుపు ఆపుకోలేక ప్రజలకు ఖుర్ఆన్ పఠనం వినిపించలేరని విన్నవించుకున్నారు. యూసుఫ్ కోసం యాఖూబ్ (అలైహిస్సలాం) విలపించిన మాటా, ఈ ‘అసీఫ్’ అనే మాటా ఒకే ధాతువు నుంచి వచ్చాయి. అయినా దైవప్రవక్త (స) తన ఆదేశం మార్చుకోలేదు. ఉమ్మత్‌లో అందరికంటే బలమైన విశ్వాసం ఎవరిదంటే మనం మొదట చెప్పే పేరు ఆయనదే. త్వరగా కన్నీరు పెట్టడం ఆయన ఈమాన్‌కు అడ్డు కాలేదు, ఇమామత్‌కూ అడ్డు కాలేదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. అల్లాహ్ స్నేహితులకు భయం గాని దుఃఖం గాని ఉండదని సూరా యూనుస్ 62వ ఆయత్ చెబుతోంది కదా? నిజమే. కాని ఆ వాగ్దానం పరిపూర్ణంగా నెరవేరేది పరలోకంలో. దీనికి ఖుర్ఆన్‌లోనే సాక్ష్యం ఉంది. స్వర్గంలో ప్రవేశించినవారు, తమ నుంచి దుఃఖాన్ని తొలగించిన అల్లాహ్‌ను స్తుతిస్తారని సూరా ఫాతిర్ 34వ ఆయత్ తెలుపుతోంది. వారికి ఇహలోకంలో దుఃఖమే లేకపోతే, దాన్ని తొలగించినందుకు అక్కడ స్తుతించడం ఎందుకు?

అయితే దిగులు సుగుణమా?

పాపం కాదన్నంత మాత్రాన దాన్ని కోరి తెచ్చుకోవాలని కాదు. ఎప్పుడూ విచారంగా ఉండటమే భక్తికి గుర్తు అనుకునేవారు పూర్వం ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. హిజ్రీ 751 (క్రీ.శ. 1350)లో మరణించిన ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహిమహుల్లాహ్) ఈ విషయాన్ని వివరంగా చర్చించారు. ఖుర్ఆన్‌లో దుఃఖం ప్రస్తావన వచ్చినచోట్ల అది వద్దని గాని, ఉండదని గాని రావడమే తప్ప, దుఃఖించమని ఆదేశం ఎక్కడా లేదన్నారు. అది అల్లాహ్ మార్గంలో నడిచేవాడి వేగాన్ని తగ్గిస్తుందని, విశ్వాసి దుఃఖపడటం షైతాన్‌కు ఇష్టమని హెచ్చరించారు. విశ్వాసులను దుఃఖపెట్టడం షైతాన్ ఉద్దేశమని సూరా అల్ ముజాదలా 10వ ఆయత్ కూడా చెబుతోంది.

అందుకే దైవప్రవక్త (స) చింత నుంచి, దుఃఖం నుంచి అల్లాహ్ శరణు వేడేవారు. ఈ దుఆను ఆయన తరచుగా చేయడం తాను విన్నానని, ఆయనకు సేవ చేసిన హజ్రత్ అనస్ (రజియల్లాహు అన్హు) తెలిపారు (బుఖారీ). అందులో చింత, దుఃఖం తర్వాత అశక్తత, బద్ధకం, పిసినారితనం, పిరికితనం వస్తాయి. చివర్లో అప్పుల భారం, మనుషుల దౌర్జన్యం వస్తాయి. మనసు బాధతో మొదలైన దుఆ అప్పుతోనూ అణచివేతతోనూ ముగిసింది. ఈ రెంటి మూలంగా కుంగినవాడికి సహనం మీద ఉపన్యాసం ఒక్కటే సరిపోదని మనకు అర్థం కావాలి.

దుఃఖానికి హద్దులు కూడా ఉన్నాయి. చెంపలు బాదుకోవడం, బట్టలు చించుకోవడం, అజ్ఞానకాలపు శోకాలు పెట్టడం నిషిద్ధం. కష్టం వచ్చిందని చావును కోరుకోవడాన్ని కూడా దైవప్రవక్త (స) వారించారు. అంతగా అనవలసివస్తే, బ్రతుకు నాకు మేలైనంతకాలం బ్రతికించమని, మరణం మేలైనప్పుడు మరణం ఇవ్వమని అల్లాహ్‌ను వేడుకోమన్నారు. అయితే కన్నీటికి మాత్రం నిషేధం లేదు. తన చిన్నారి కుమారుడు ఇబ్రాహీమ్ ప్రాణం పోతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. మీరు కూడానా అని ఒక సహాబీ ఆశ్చర్యపోతే, ఇది కారుణ్యం అని జవాబిచ్చారు. కన్ను ఏడుస్తుందని, హృదయం దుఃఖిస్తుందని, కాని నోటితో మాత్రం ప్రభువుకు నచ్చిన మాటే పలుకుతామని భావం వచ్చేలా సెలవిచ్చారు (బుఖారీ). హద్దు ఎక్కడుందో ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

మూడో సంగతి: వ్యాధి

దుఃఖం వేరు, నిరాశ వేరు అని తెలుసుకున్నాం. మూడోది కూడా ఒకటుంది. కారణం కనబడకుండానే వారాల తరబడి మనసు చీకటిగా ఉండటం, నిద్ర పోకపోవడం, తిండి సయించకపోవడం, ఇష్టమైన పని మీద కూడా ఆసక్తి చచ్చిపోవడం. ఇది వ్యాధి.

మన పూర్వీకులకు ఈ విషయం తెలుసు. హిజ్రీ 322 (క్రీ.శ. 934)లో మరణించిన అబూ జైద్ బల్ఖీ శరీర ఆరోగ్యం, మనో ఆరోగ్యం రెంటి గురించీ ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్’ అనే గ్రంథం రాశారు. దుఃఖం రెండు రకాలని అందులో వివరించారు. ఆప్తులు పోవడం, ఆస్తి పోవడం వంటి తెలిసిన కారణం గలది ఒకటి. ఏ కారణమూ తెలియకుండా వచ్చేది మరొకటి. ఈ రెండోదానికి మూలం శరీరంలోనే ఉంటుందని, దానికి వైద్యం చేయాలని అన్నారు. వెయ్యేళ్ళ కింద ఒక ముస్లిం పండితుడు చెప్పిన మాట ఇది.

హకీములు దీన్ని ‘మాలీఖూలియా’ అన్నారు. అది గ్రీకు మాట. నల్లని పైత్యం అని దాని అర్థం. ఆ నల్లని పైత్యానికే అరబ్బీలో ‘సౌదా’ అని పేరు. ఉర్దూలో పిచ్చివాణ్ణి ‘సౌదాయీ’ అనడం అక్కడి నుంచే వచ్చింది. నేటి వైద్యులు పైత్యం సిద్ధాంతాన్ని అంగీకరించరు. కాని ఆ పాత పేర్లలో ఒక వివేకం ఉంది. ఆ హకీములు రోగి ఈమాన్‌ను కాదు, రోగి శరీరాన్ని పరీక్షించారు.

ప్రతి రోగానికీ అల్లాహ్ మందును కూడా దించాడని దైవప్రవక్త (స) సెలవిచ్చారు, వైద్యం చేయించుకోమని ఆదేశించారు. ఈ ఆదేశంలో గుండెకు, కాలేయానికి ఒక న్యాయం, మనసుకు ఒక న్యాయం అని లేదు. చక్కెర వ్యాధి ఉన్నవాడు మందు వేసుకుంటే తవక్కుల్ పోదు. మనోవ్యాధికి మందు వేసుకున్నా తవక్కుల్ పోదు. మనవారు మాత్రం ‘ఎర్రగడ్డ’ పేరెత్తి వేళాకోళం చేస్తారు. ఆ వేళాకోళానికి భయపడి ఎన్ని ఇళ్ళలో రోగులు వైద్యానికి దూరమవుతున్నారో అల్లాహ్‌కే తెలుసు. ఖుర్ఆన్ ఆయతులు చదివి ఊదడం ధర్మసమ్మతమే. కాని జిన్ను పేరు చెప్పి, పొగలు వేసి, కొట్టి, వేలకు వేలు గుంజేవారి చేతికి రోగిని అప్పగించడం ధర్మం కాదు. దుఆ, మందు రెండూ అల్లాహ్ ఇచ్చినవే. రెంటినీ వాడుకోవాలి.

అడవి సరిహద్దు గ్రామాలకు మానసిక వైద్యుడు దూరం. అయితే 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ‘టెలీ మానస్’ అనే సేవను మొదలుపెట్టింది. 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంట్లో ఎవరైనా చావు మాటలు మాట్లాడుతుంటే, అది హరామ్ అని చెప్పి ఊరుకోకండి. హరామ్ అన్నది నిజమే. మిమ్మల్ని మీరు చంపుకోవద్దని సూరా అన్నిసా 29వ ఆయత్‌లో అల్లాహ్ ఆదేశించాడు. కాని ఆ ఆయత్ ఎలా ముగిసిందో చూడండి. అల్లాహ్ మీ పట్ల ఎంతో దయగలవాడన్న భావంతో ముగిసింది. నిషేధం పక్కనే దయ ఉంది. మనం కూడా అలాగే చేయాలి. వారిని ఒంటరిగా వదలకూడదు. పురుగుమందు డబ్బా, తాడు వంటివి అందకుండా చూడాలి. అదే రోజున వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.

‘దిగులుపడకు’ అనే ముందు

దిగులుపడకు అన్న మాట ఖుర్ఆన్‌లో ఎన్నోచోట్ల వచ్చింది. మనం కూడా అదే అంటున్నాం కదా అనవచ్చు. అయితే ఆ మాట అక్కడ ఎలా వచ్చిందో చూడాలి.

సౌర్ గుహలో శత్రువుల అడుగుల చప్పుడు వినబడుతుంటే దైవప్రవక్త (స) తన సహచరునితో ఆ మాట అన్నారు. వెంటనే అల్లాహ్ మనతో ఉన్నాడని కారణం చెప్పారు (సూరా అత్తౌబా, 40). ఆయన బయట సురక్షితంగా నిలబడి ఆ మాట చెప్పలేదు. అదే గుహలో, అదే ప్రమాదంలో పక్కన కూర్చుని చెప్పారు.

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తల్లికి, బిడ్డను నదిలో వదలమని, భయపడవద్దని, దుఃఖించవద్దని సూచన అందింది. దానితో పాటే బిడ్డను తిరిగి నీ దగ్గరికే చేరుస్తామన్న వాగ్దానం వచ్చింది (సూరా అల్ ఖసస్, 7). అయినా ఆమె హృదయం శూన్యమైపోయిందని అల్లాహ్ తెలిపాడు (10). ఆ శూన్యాన్ని ఆయన తప్పుపట్టలేదు, ఆమె హృదయానికి బలం ఇచ్చాడు. బిడ్డను ఆమె ఒడికి చేర్చాడు.

హజ్రత్ మర్యమ్ (అలైహస్సలాం) ప్రసవవేదనతో ఖర్జూరపు మొదలు దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు, ఇంతకు ముందే చనిపోయి ఉంటే బాగుండేదని అన్నారు. ఆ మాటను ఖుర్ఆన్ దాచలేదు, ఆమెను మందలించనూ లేదు. దుఃఖించవద్దన్న పిలుపు వచ్చింది. దానితో పాటే కాళ్ళ దగ్గర నీటి ఊట వచ్చింది. తాజా ఖర్జూరాలు వచ్చాయి. తిని, తాగి, కళ్ళు చల్లబరచుకోమన్న ఆదరణ వచ్చింది. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనవసరం లేకుండా మౌనవ్రతం పాటించే వెసులుబాటు కూడా వచ్చింది (సూరా మర్యమ్, 23-26).

మూడు చోట్లా ఓదార్పు మాట ఒట్టిగా రాలేదు. సాంగత్యం, వాగ్దానం, నీళ్ళు, ఆహారం వెంటబెట్టుకుని వచ్చింది. మన ‘దిగులుపడకు’ వెంట ఏం వస్తోంది?

దైవప్రవక్త (స) సున్నత్ కూడా ఇదే. మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజియల్లాహు అన్హు) వీరమరణం పొందిన వార్త వచ్చినప్పుడు, వారి ఇంటివారికి భోజనం తయారుచేసి పంపమని ఆదేశించారు. హజ్రత్ ఆయిషా (ర) రోగులకు, ఆప్తులను పోగొట్టుకున్నవారికి ‘తల్బీనా’ తాగమని చెప్పేవారు. అది బార్లీ పిండితో కాచిన పల్చని జావ. అది రోగి హృదయానికి ఊరటనిస్తుందని, దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందని దైవప్రవక్త (స) అనగా తాను విన్నానని ఆమె తెలిపారు (బుఖారీ). కొంత తగ్గిస్తుందన్న మాటను గమనించండి. మొత్తం పోగొడుతుందని అనలేదు. దిగులుతో ఉన్న ఇంటికి ఒక గిన్నెడు జావ తీసుకువెళ్ళి, పక్కన కూర్చుని, తాగేదాకా ఉండి రావడం కూడా ఇబాదతే.

గోదావరి ఒడ్డు ఊళ్ళకు ఈ విషయం అనుభవంలో ఉన్నదే. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో మళ్ళీ 71 అడుగులు దాటింది. వరద వచ్చినప్పుడు ఎవరూ ఎవరి ఈమాన్‌నూ కొలవరు. పడవ ఎక్కిస్తారు, అన్నం పొట్లం ఇస్తారు. కాని నీరు తీసిన తర్వాత, ఇంట్లో మేట వేసిన ఒండ్రు ఎత్తిపోసిన తర్వాత, మనిషి లోపల మిగిలిపోయే దిగులు ఎవరికీ కనబడదు. ఆ దిగులుకు కూడా పడవ, పొట్లం కావాలి. 2005 తర్వాత బస్తర్ ప్రాంతపు హింస నుంచి పారిపోయి ఈ అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్న ఆదివాసీ కుటుంబాల బెంగ కూడా అలాంటిదే. పొరుగువారి హక్కును గురించి ధర్మం బోధించినప్పుడు పొరుగువాడు ముస్లిమా కాదా అన్న షరతు పెట్టలేదు.

ముగింపు

చెప్పుకున్నదాని సారాంశం ఇది. హుజ్న్ ఒక పరీక్ష, దానికి తోడు కావాలి. వ్యాధికి వైద్యం కావాలి. యఅస్ మాత్రం విశ్వాసానికి విరుద్ధం, దాని నుంచి తౌబా చేయాలి, అల్లాహ్ కారుణ్యాన్ని గుర్తుచేయాలి. ఎదుటివాడిలో ఉన్నది ఏదో తెలియకుండా నీలో ఈమాన్ లేదు అనడం మన అధికారంలో లేని తీర్పు. హృదయాల్లో ఏముందో అల్లాహ్ ఒక్కడికే తెలుసు. జనం మాటలు నిన్ను దుఃఖపెడుతున్నాయని మాకు తెలుసు అన్న భావంతో అల్లాహ్ తన ప్రవక్తను పలకరించాడు (సూరా అల్ అన్ఆమ్, 33). మనం కూడా మన వాళ్ళతో మాట అక్కడే మొదలుపెట్టాలి.

ఉదాస్, ఉదాసీనత ఒకే మూలం నుంచి వచ్చాయని ముందు చెప్పుకున్నాం. ఒకరు ఉదాస్‌గా దూరంగా కూర్చున్నప్పుడు, మిగతావాళ్ళం ఉదాసీనంగా మరింత దూరంగా కూర్చోకూడదు. లేచి వెళ్ళి పక్కన కూర్చోవాలి.

హజ్రత్ అనస్ (ర) ఉల్లేఖనంగా ఇబ్ను హిబ్బాన్ నమోదు చేసిన ఒక దుఆ ఉంది. అల్లాహ్ సులభం చేసిందే తప్ప సులభమైనది మరొకటి లేదని, ఆయన తలచుకుంటే హజ్న్‌ను సహ్ల్‌గా మార్చగలడని అందులోని భావం. హజ్న్ అంటే రాళ్ళ నేల, సహ్ల్ అంటే మెత్తని నేల అని మనం తెలుసుకున్నాం. దిగులుతో ఉన్నవారు ఈ దుఆ చేసుకోవాలి. పక్కన ఉన్నవారు వారి కోసం చేయాలి, చేయి కూడా అందించాలి.

అల్లాహ్ మన ఇళ్ళలో దిగులుతో ఉన్న ప్రతి హృదయానికీ ఊరట కలిగించుగాక! రోగులకు స్వస్థత ప్రసాదించుగాక! మన నాలుకలను నింద నుంచి కాపాడి, మన చేతులకు సేవాభాగ్యం ఇచ్చుగాక! మన రాళ్ళ నేలలను మెత్తని నేలలుగా మార్చుగాక! ఆమీన్.